విరోధి రసాల నడుమ అద్భుతం: జాఁ రొలాఁ రక్తపిశాచ చిత్రాలు

(జాఁ రొలాఁ స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఫ్రెంచి దర్శకుడు జాఁ రొలాఁ 1938 నవంబరు 3న పారిస్ పొలిమేరలోని నెయ్యీలో జన్మించి, 2010 డిసెంబరు 15న పారిస్‌లో మరణించాడు. దాదాపు అర్ధశతాబ్ది పాటు సినిమాలు తీసి, నవలలు కూడా రాసిన ఈ కళాకారుణ్ణి ఆయన దేశపు విమర్శ చాలాకాలం చిన్నచూపు చూసింది. ఆయన చిత్రాలు అటు భయానక చిత్రాల బజారుకూ, ఇటు పెద్దలకు మాత్రమే అనుమతి ఉన్న శృంగార చిత్రాల బజారుకూ చెంది, మొదటివారికి తగినంత భయం కలిగించక, రెండవవారికి తగినంత ఉద్రేకం కలిగించక, ఇద్దరి చేతా నిరాకరణకు గురికావడమే అందుకు ప్రధాన కారణం. ఆ నిరాకరణకు మూలమైన లక్షణమే ఆయన కళకు ప్రాణమని ప్రతిపాదించడం, అతి తక్కువ పెట్టుబడితో తయారైన ఈ శృంగార భయానక చిత్రాల ప్రక్రియను అలంకారశాస్త్ర దృష్టితో పరిశీలించడం ఈ ఉపన్యాస లక్ష్యం.

1. విరోధి రసాల సమస్య

శృంగారాన్నీ భయానకాన్నీ ఒకేచోట నిలపడం కష్టమన్న సంగతి భారతీయ లాక్షణికులకు సినిమా పుట్టడానికి వందల ఏళ్ల ముందే తెలుసు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో శృంగారానికి విరోధులైన రసాలను పేర్కొంటూ కరుణ, బీభత్స, రౌద్ర, వీరాలతో పాటు భయానకాన్ని కూడా చేర్చాడు. రతి అనే స్థాయిభావం మనసును ఎదుటి వ్యక్తి వైపు నడిపిస్తే భయం మనసును వెనక్కు లాగుతుంది కనుక, రెండూ ఒకే పాత్రలో, ఒకదాని వెంట ఒకటిగా వచ్చినప్పుడు ఏ ఒక్కటీ పరిపాకానికి రాదన్నది ఈ నియమం వెనుక ఉన్న మనోధర్మం.

అయితే శాస్త్రం నిషేధించి ఊరుకోలేదు, పరిహారాన్ని కూడా చెప్పింది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడవ ఉద్ద్యోతంలో, పక్కపక్కన నిలవలేని రెండు రసాల మధ్య ఆ రెండింటికీ విరోధి కాని మూడవ రసాన్ని నిలిపితే దోషం తొలగుతుందని సూచించాడు. నాగానంద నాటకంలో శాంతప్రధానుడైన జీమూతవాహనుడికి మలయవతిపై కలిగే అనురాగాన్ని వర్ణించే ముందు కవి ఆమె గానాన్ని విన్న ఆశ్చర్యాన్ని, అంటే అద్భుత రసాన్ని, మధ్యవర్తిగా నిలిపాడని మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇదే సూత్రానికి ఉదాహరణ చూపాడు. రొలాఁకు ఈ శాస్త్రంతో పరిచయం ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆయన చిత్రాలు ఎందుకు నిలిచాయో, అదే సరుకుతో తయారైన అనేక ఇతర చిత్రాలు ఎందుకు చెదిరిపోయాయో వివరించడానికి ఈ సూత్రం కన్నా చక్కని కొలబద్ద దొరకదన్నదే ఇక్కడి వాదం.

2. ప్రక్రియకు పూర్వరంగం

శృంగార భయానక చిత్రం అని ఇక్కడ వ్యవహరిస్తున్న ప్రక్రియకు సాహిత్యమూలం ఐరిష్ రచయిత షెరిడన్ లె ఫాను 1872లో తన కథాసంపుటిలో చేర్చిన 'కార్మిల్లా' అనే పెద్ద కథ. బ్రామ్ స్టోకర్ రచించిన 'డ్రాకులా' కన్నా పాతికేళ్లు ముందు వెలువడిన ఈ కథలో రక్తపిశాచి ఒక యువతి; ఆమె ఆకర్షణకు లోనయ్యేది మరో యువతి; భయమూ మమకారమూ విడదీయరాని విధంగా అల్లుకున్న ఆ సంబంధమే ఆ తర్వాతి సినిమాలకు మూలధాతువైంది. 1960లో రోజే వదీమ్ ఈ కథను ఆధునిక నేపథ్యానికి మార్చి తెరకెక్కించాడు గాని, ప్రక్రియగా ఇది ఒక్కసారిగా విస్తరించింది మాత్రం 1970, 1971 సంవత్సరాల్లోనే.

ఆ విస్తరణకు కారణం కళాత్మకమైనది కాదు, చట్టపరమైనది, వాణిజ్యపరమైనది. అమెరికాలో చిత్రపరిశ్రమ తనకు తాను విధించుకున్న హేస్ నియమావళి 1968లో తొలగిపోయి వయసును బట్టి వర్గీకరించే పద్ధతి వచ్చింది. బ్రిటన్‌లో 1970లో పెద్దల చిత్రాల వయోపరిమితిని 16 నుంచి 18కి పెంచడంతో ఆ హద్దులోపల చూపగలిగిన దృశ్యాల పరిధి పెరిగింది. ఇంట్లో టెలివిజన్‌కు అలవాటుపడిన ప్రేక్షకుణ్ణి థియేటరుకు రప్పించాలంటే టెలివిజన్ చూపలేనిదాన్ని చూపాలన్న లెక్క ఐరోపా అంతటా చిన్న నిర్మాతలను ఆకర్షించింది. బ్రిటన్‌లోని హామర్ చిత్రసంస్థ తీసిన 'ది వాంపైర్ లవర్స్' 1970లోనూ, స్పెయిన్ దర్శకుడు హెసూస్ ఫ్రాంకో తీసిన 'వాంపిరోస్ లెస్బోస్', బెల్జియం దర్శకుడు హారీ క్యూమెల్ సముద్రతీరపు హోటలు నేపథ్యంలో డెల్ఫీన్ సేరిగ్ ప్రధానపాత్రగా తీసిన 'డాటర్స్ ఆఫ్ డార్క్‌నెస్' 1971లోనూ వెలువడటం ఈ నేపథ్యంలో యాదృచ్ఛికం అనిపించదు.

3. రొలాఁ సాధన

రొలాఁ ఈ గాలివాటానికి కొట్టుకొచ్చినవాడు కాదు. ఆయన తల్లి డెనీజ్ రొలాఁ, జార్జ్ బతాయ్, మోరిస్ బ్లాఁషో వంటి రచయితల ఆత్మీయ వలయంలోని వ్యక్తి. మృత్యువునూ కామాన్నీ ఒకే అనుభవానికి రెండు ముఖాలుగా చూసిన బతాయ్ ఆలోచన ఆ ఇంటికి దూరమైనది కాదు. బాల్యంలో ఆయనను లోబరచుకున్నవి మాత్రం ఆ గంభీర గ్రంథాలకన్నా సీరియల్ చిత్రాలు, అంటే ఒక కథను వారం వారం ఉత్కంఠభరితమైన ఘట్టం దగ్గర ఆపుతూ భాగాలుగా చూపే చిత్రాలు, గాస్తోఁ లెరూ రాసిన రహస్య నవలలు. లూయీ ఫొయ్యాడ్ 1915, 1916 సంవత్సరాల్లో పది భాగాలుగా తీసిన 'లే వాంపీర్'లో ఒంటికి అంటుకునే నల్లని దుస్తుల్లో ముసిదోరా ధరించిన దొంగ పాత్ర, పగటిపూట పారిస్ వీధుల్లో ఏ ప్రత్యేక హంగూ లేకుండానే పుట్టించిన విస్మయం, రొలాఁ సినిమాలకు పాఠశాల అయింది.

ఫ్రెంచివారు 'ఫాంతాస్తిక్' అని పిలిచే కళాసంప్రదాయాన్ని ఇక్కడ వివరించడం అవసరం. భూతప్రేతాలతో భయపెట్టడం దాని ప్రధాన లక్ష్యం కాదు. నిత్యం కనిపించే లోకంలో ఒక వస్తువు తన స్థానం తప్పి కనిపించినప్పుడు చూపరిలో కలిగే స్తంభనను అది పోషిస్తుంది. పోల్ డెల్వో చిత్రపటాల్లో రైలుస్టేషను పక్కన నిద్రలో నడుస్తున్నట్టుండే నగ్నస్త్రీలు, రెనే మాగ్రిట్ చిత్రాల్లో చోటు మారిన మామూలు వస్తువులు ఆ కోవకు చెందినవే. అద్భుత రసానికి విస్మయం స్థాయిభావమని చెప్పిన శాస్త్రం ప్రకారం చూస్తే ఫాంతాస్తిక్ అద్భుతానికి అతి దగ్గరి బంధువు.

1958లో ఇరవై ఏళ్ల వయసైనా నిండకముందు రొలాఁ కవి త్రిస్తాఁ కోర్బియేర్ స్ఫూర్తితో 'లెజామూర్ జోన్' అనే లఘుచిత్రాన్ని నార్మండీ తీరంలో దియెప్ పక్కనున్న పూర్‌విల్ సముద్రపుటొడ్డున తీశాడు. సున్నపురాతి కొండల కింద, గులకరాళ్ల మీద, వరుసగా పాతిన కుళ్లిన కర్రస్తంభాలు సముద్రంలోకి సాగిపోయే ఆ ఒడ్డు తరువాతి నాలుగు దశాబ్దాల్లో ఆయన చిత్రాల్లో మళ్లీమళ్లీ కనిపిస్తుంది.

4. డబ్బు అడగని అద్భుతం

తొలి పూర్తినిడివి చిత్రం 'ల వియోల్ దు వాంపీర్' పుట్టుకే ఈ ప్రక్రియ ఆర్థిక స్వభావాన్ని తేటపరుస్తుంది. నిడివి చాలని ఒక పాత అమెరికన్ రక్తపిశాచ చిత్రానికి జతగా ప్రదర్శించడానికి రొలాఁ మొదట మధ్యస్థ నిడివి చిత్రం తీశాడు. అది చూసిన నిర్మాత శామ్ సెల్స్కీ దాన్ని పూర్తి చిత్రంగా పొడిగించమన్నాడు. మొదటి భాగం చివర పాత్రలన్నీ చనిపోవడంతో వాళ్లను లేపి రెండో భాగం నడపవలసి వచ్చింది. సార్వత్రిక సమ్మెతో పారిస్ స్తంభించిన 1968 మే నెలలో అది విడుదల కాగా, ప్రేక్షకులు కథ అర్థం కాక ఆగ్రహించారు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ అల్లరి ఆయన పేరును నిలబెట్టింది. తరువాతి చిత్రానికి పెట్టుబడినీ తెచ్చిపెట్టింది.

ఆ తర్వాత వచ్చిన నాలుగు చిత్రాల్లో ఆయన శిల్పం స్థిరపడింది. 1970 నాటి 'లా వాంపీర్ న్యూ'లో జంతువుల ముసుగులు ధరించిన మనుషులు రాత్రివేళ నగరవీధుల్లో ఒక యువతిని తరుముతారు. 1971 నాటి 'ల ఫ్రిసోఁ దే వాంపీర్'లో కోటలోని నిలువు గడియారం తలుపు తెరుచుకొని, అర్ధరాత్రి అందులోంచి రక్తపిశాచి బయటికి వస్తుంది. అదే ఏటి 'రెక్వియెమ్ పూర్ అఁ వాంపీర్'లో విదూషక వేషాలు వేసుకున్న ఇద్దరు యువతులు కారులో పారిపోతూ, చిత్రం తొలిభాగంలో చాలాసేపు దాదాపు ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా, పొలాల్లోనూ శ్మశానంలోనూ సంచరిస్తారు. 1973 నాటి 'లా రోజ్ ద ఫేర్'లో ఆమియాఁ నగరంలోని మాద్లెన్ శ్మశానంలోకి విహారానికి వెళ్లిన ప్రేమజంట చీకటి పడ్డాక బయటికి దారి దొరక్క తిరుగుతూ, అబ్బాయి భయంతో కుంగిపోతే, అమ్మాయి మాత్రం మృతుల పట్ల క్రమంగా ప్రేమ పెంచుకుంటుంది.

ఈ దృశ్యాల్లో దేనికీ పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. గడియారపు పెట్టె, రెండు విదూషక వేషాలు, అద్దె లేకుండా దొరికే సముద్రపుటొడ్డు, పాడుబడిన కోట, మున్సిపాలిటీ శ్మశానం, అనుభవం లేని నటులు, రాత్రివేళ నేరుగా ముఖం మీద పడే రెండు దీపాలు సరిపోయాయి. భయానకాన్ని తెరమీద నిర్మించాలంటే కృత్రిమ అంగాలు, యంత్రాలు, శబ్దపరికరాలు, అంతకుమించి తీరిగ్గా దృశ్యాన్ని మళ్లీమళ్లీ చిత్రీకరించే సమయం కావాలి. అద్భుతానికి కావలసింది ఒక వస్తువును చోటు మార్చి పెట్టగల ఊహ మాత్రమే. పేదరికం రొలాఁను భయానకం నుంచి అద్భుతం వైపు నెట్టిందని, ఆ నెట్టుడులోనే విరోధి రసాల సమస్యకు పరిష్కారం దొరికిందని చెప్పడానికి ఈ చిత్రాలే సాక్ష్యం. గడియారంలోంచి వచ్చిన స్త్రీని చూసి ప్రేక్షకుడు ముందు విస్తుపోతాడు. ఆ విస్మయంలోంచి ఆకర్షణకు వెళ్లినా, భయానికి వెళ్లినా దారి తెగదు.

5. అద్దె

ఈ చిత్రాల్లో నగ్నదృశ్యాల ప్రసక్తి దాటవేయరానిది. నిర్మాతలు, పంపిణీదారులు వాటిని షరతుగా అడిగారు. రొలాఁ ఆ షరతుకు ఒప్పుకున్నాడు. కళాకారుడు తనకిష్టమైన ఇంట్లో ఉండటానికి చెల్లించే అద్దెలాంటిదే అది: చెల్లించినంత కాలం లోపలి గదుల్లో ఏం చేసుకున్నా అడిగేవారు లేరు. రక్తపిశాచులూ చెప్పుకోదగ్గ నగ్నత్వమూ లేని 'లా రోజ్ ద ఫేర్' వ్యాపారపరంగా దెబ్బతినగానే, ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆయన బతుకుతెరువు కోసం మారుపేర్లతో పూర్తిస్థాయి అశ్లీల చిత్రాలు తీయవలసి వచ్చింది.

ఇక్కడ ఫ్రెంచి చట్టం మరో మలుపు తిప్పింది. 1974లో సెన్సారు సడలి, 'ఎమ్మాన్యుయెల్' వంటి చిత్రం పెద్ద థియేటర్లలో విజయం సాధించాక, ప్రభుత్వం 1975 చివర 'ఎక్స్' వర్గీకరణను తెచ్చింది. ఈ వర్గంలో చేర్చిన చిత్రాలకు ప్రత్యేక పన్నులు పడ్డాయి, ప్రభుత్వ సహాయనిధి అందలేదు, ప్రత్యేకంగా కేటాయించిన థియేటర్లలో మాత్రమే ప్రదర్శన ఉండేది. దీనివల్ల శృంగారానికీ అశ్లీలానికీ మధ్య రొలాఁ వంటివారు సంచరించిన సన్నని భూమి మాయమైంది. బజారు రెండుగా చీలినప్పుడు నడుమ నిలబడినవాడికి ఏ వైపూ చోటు దక్కలేదు.

1975 నాటి 'లేవ్ర్ ద సాఁ' ఈ చీలికకు బలి అయిన చిత్రం. ఒక విందులో గోడమీది ఛాయాచిత్రంలో పాడుబడిన కోటను చూసిన మధ్యవయస్కుడికి, బాల్యంలో ఒక రాత్రి తనకు అక్కడ ఆశ్రయమిచ్చిన తెల్లబట్టల అమ్మాయి గుర్తుకొస్తుంది; ఆమెను వెతుక్కుంటూ వెళ్లి, ఆమె రక్తపిశాచి అని తెలిసినా వెనుదిరగక, చివరికి ఇద్దరూ ఒకే శవపేటికలో పూర్‌విల్ అలల మీద సాగిపోతారు. రొలాఁ చిత్రాల్లో అత్యంత కరుణార్ద్రమైన ఈ కథ థియేటర్లలో ఆడలేదు. నష్టం పూడ్చుకోవడానికి దాని దృశ్యాల మధ్య అశ్లీల దృశ్యాలను అతికించి మరో పేరుతో వేరే చిత్రంగా చలామణీ చేశారు. ఆ మార్పులో తొలగిపోయింది ఏమిటన్నది గమనించదగిన విషయం: శృంగారం మిగిలింది, రక్తం మిగిలింది, ఛాయాచిత్రం దగ్గర మొదలై సముద్రం దాకా సాగిన విస్మయం తెగిపోయింది. మధ్యవర్తి రసం పోగానే విరోధి రసాలు రెండూ విడివిడి సరుకులుగా మారిపోయాయి.

అట్లాంటిక్ అవతల ఇదే కాలంలో జరిగిన మరో ఉదంతం ఈ నిర్ణయాన్ని బలపరుస్తుంది. నల్లజాతి రక్తపిశాచి కథగా వచ్చిన 'బ్లాకులా' 1972లో విజయవంతం కాగానే, అటువంటిదే కావాలని నిర్మాతలు రచయిత, నటుడు, దర్శకుడు అయిన బిల్ గన్‌ను కోరారు. చిన్న మొత్తంతో ఆయన తీసిన 'గంజా అండ్ హెస్' మాత్రం రక్తదాహాన్ని వ్యసనంగా చూపి, ఆఫ్రికన్ పురావస్తువులను, నల్లజాతి చర్చి సంగీతాన్ని, దాంపత్యంలోని కాంక్షను ఒకే అల్లికలో కలిపింది. 1973లో కాన్ చిత్రోత్సవపు విమర్శకుల వారంలో అది ప్రదర్శితమైనా, నిర్మాతలు దాన్ని అమ్మేయగా, కొన్నవారు బాగా కత్తిరించి 'బ్లడ్ కపుల్' వంటి పేర్లతో విడుదల చేశారు. న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియంలో భద్రపడిన ప్రతి ఉండటం వల్లనే మూలరూపం బతికి బట్టకట్టింది. అక్కడ కూడా కత్తెర ముందుగా వెతికి తీసేసింది కథకు 'అవసరం లేని' విస్మయాన్నే.

6. తెరమీది దేహం ఎవరిది

ఈ చిత్రాలను మెచ్చుకునే విమర్శకుడు ఒక ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు: అద్దె చెల్లించింది దర్శకుడా, నటీమణులా? 'రెక్వియెమ్'లోని నేలమాళిగ దృశ్యంలో సంకెళ్ళలో ఉన్న స్త్రీలపై సాగే హింసను కెమెరా దీర్ఘంగా, ఏ ఊహా లేకుండా చూస్తుంది. అద్భుతం పూర్తిగా లోపించిన ఆ నిమిషాలు చిత్రానికి మచ్చ అని, నటీమణుల శ్రమను బజారుకు అప్పగించిన సందర్భమని స్పష్టంగా చెప్పడమే న్యాయం.

అయితే రొలాఁ ప్రపంచంలో కథను నడిపేది సాధారణంగా ఇద్దరు స్త్రీల స్నేహం. పురుషుడు వచ్చేవాడు, చూసేవాడు, ఓడిపోయేవాడు మాత్రమే. కాస్తెల్ కవలసోదరీమణులు ఆయన కొన్ని చిత్రాల్లో మాటలు అక్కర్లేని జంటగా నిలిచారు. అశ్లీల చిత్రాల్లో పేరు పొందిన బ్రిజిత్ లాయే ప్రతిభను గుర్తించి నాటకీయమైన పాత్రలు ఇచ్చినవారిలో రొలాఁ ముఖ్యుడు. 1905 నేపథ్యంలోని 'ఫాసినాసియోఁ' రక్తహీనతకు మందుగా వధశాలలో ఎద్దు రక్తం తాగే సంపన్న స్త్రీలతో మొదలవుతుంది. 1979 నాటి ఆ చిత్రంలో నల్లని అంగీ వేసుకొని, చేత కొడవలి పట్టి, కందకంపై వంతెన మీద లాయే నడిచివచ్చే దృశ్యం ఆయన సినిమాకే ముద్రగా మిగిలిపోయింది. మరుసటి ఏడు వచ్చిన 'లా నూయి దే త్రాకే'లో ఆధునిక బహుళ అంతస్తుల భవనంలో జ్ఞాపకశక్తి కోల్పోతున్న రోగిగా ఆమె నటన చూసినవారికి, వ్యాపారం ఒక నటి మీద వేసిన ముద్ర ఎంత సంకుచితమో బోధపడుతుంది. 1982 నాటి 'లా మోర్త్ వివాంత్'లో చనిపోయి లేచిన స్నేహితురాలి ఆకలి తీర్చడం కోసం హత్యలకు పాల్పడే యువతి కథ భయానకంగా మొదలై కరుణలో ముగుస్తుంది.

స్త్రీలు దర్శకత్వం వహించినప్పుడు ఈ ప్రక్రియ ఎలా మారుతుందన్నదానికి రెండు ఉదాహరణలు చాలు. రోజర్ కోర్మన్ సంస్థకు స్టెఫనీ రోత్‌మన్ 1971లో తీసిన 'ది వెల్వెట్ వాంపైర్'లో ఎడారి ఇసుకలో పరచిన పక్క మీద కలలు సాగుతాయి. కోరుకునే చూపు అక్కడ పిశాచ స్త్రీది. 2016లో అన్నా బిల్లర్ దుస్తులూ రంగాలంకరణా స్వయంగా రూపొందించి తీసిన 'ది లవ్ విచ్' పాతకాలపు రంగుల సొగసును అప్పు తెచ్చుకొని, స్త్రీ నుంచి పురుషుడు ఆశించే మోహినీ రూపాన్నే పరీక్షకు పెడుతుంది.

7. తెలుగు ప్రేక్షకుడి అనుభవం

తెలుగు ప్రాంతాల్లో ఈ తరహా చిత్రాలు తయారైన సంప్రదాయం బలంగా లేకపోయినా, 'లేవ్ర్ ద సాఁ'కు జరిగిన అన్యాయం ఇక్కడివారికి అర్థం కానిది కాదు. ధ్రువపత్రం పొందాక చిత్రాన్ని మార్చడం 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద నేరమైనా, చిన్న ఊళ్ల థియేటర్లలో ఉదయం ఆటల్లో, సంబంధం లేని ముక్కలను నడుమ అతికించి చూపడం, ప్రేక్షకులు వాటిని 'బిట్లు' అని పిలవడం దక్షిణాది సినిమా చరిత్రలో ఒక భాగం.

మరోవైపు, 'ప్రేమకథా చిత్రమ్' 2013లో విజయవంతమైన నాటి నుంచి తెలుగులో తక్కువ ఖర్చుతో వచ్చిన అనేక దెయ్యం సినిమాలు భయానికీ ప్రణయానికీ మధ్య హాస్యాన్ని మధ్యవర్తిగా ఎంచుకున్నాయి. హాస్యం కూడా భయానకానికి విరోధియేనని శాస్త్రం చెబుతుంది కనుక, ఆ చిత్రాల్లో భయం నవ్వుగా వీగిపోవడం సహజమే. ప్రేక్షకుడు కోరుకునేదీ అదే కావచ్చు. అద్భుతం మాత్రం భయాన్ని చెదరగొట్టకుండా, కాంక్షను చప్పబరచకుండా రెండింటినీ నిలుపుతుంది. చిన్న కెమెరాతో, కొద్దిమంది మిత్రులతో సినిమా తీయాలనుకునే యువతకు రొలాఁ సాధన నేర్పే పాఠం ఇదే: డబ్బు లేనప్పుడు భయపెట్టడం కన్నా విస్మయపరచడం సాధ్యం, శ్రేయస్కరం కూడా.

8. ఉపసంహారం

1990ల్లో వీడియో ప్రతుల ద్వారానూ, 1994లో కాథల్ టోహిల్, పీట్ టూంబ్స్ కలిసి ఐరోపా శృంగార భయానక చిత్రాలపై ప్రచురించిన 'ఇమ్మోరల్ టేల్స్' గ్రంథం ద్వారానూ రొలాఁకు కొత్త ప్రేక్షకులు ఏర్పడ్డారు. అనారోగ్యం పీడిస్తున్న దశలో ఆయన తన సొంత రచన ఆధారంగా 1997లో తీసిన చిత్రంలో పగలు అంధులై, రాత్రి మాత్రమే చూపు వచ్చే ఇద్దరు అనాథ బాలికలు కథానాయికలు. ఆ తర్వాత కూడా, మరణించే దాకా ఆయన సినిమా తీయడం మానలేదు.

తక్కువ పెట్టుబడి, పెద్దలకు మాత్రమే అనే ముద్ర, భయానకమనే పేరు, ఈ మూడూ కలిసిన చిత్రాన్ని చూడకముందే తీసిపారేయడం విమర్శ చేసిన పొరపాటు. అటువంటిదల్లా తిరుగుబాటు కళేనని తలకెత్తుకోవడం అభిమానులు చేస్తున్న పొరపాటు. ప్రతి చిత్రాన్నీ విడిగా చూసి, విరోధి రసాల నడుమ విస్మయం నిజంగా నిలిచిందా, లేక శరీరాలూ గాయాలూ మాత్రమే సరుకుగా మిగిలాయా, ఆ నిలకడకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారు అని అడగడం విమర్శకుడి బాధ్యత. ఆ ప్రశ్నలకు సమాధానం దొరకాలంటే చిత్రాలు కత్తిరింపులు లేని మూలరూపంలో భద్రపడి ఉండాలి. గౌరవనీయమైన చిత్రాలను మాత్రమే భద్రపరిచే గ్రంథాలయం చరిత్రలో సగాన్నే భద్రపరుస్తుంది కనుక, అంగీకరించలేని దృశ్యాలున్న చిత్రాన్ని కూడా సంపూర్ణంగా దాచి, సంపూర్ణంగా చూసి, నిర్భయంగా విలువకట్టడమే జాఁ రొలాఁ స్మృతికి చేయదగిన సేవ.